ఇంజను బలం ఎక్కడ ఆగుతుంది? సిలిండర్ హెడ్డులోని గాలి దారి చెప్పే లెక్క

బజాజ్ పల్సర్ 220 ఇంజను పేరుకు తగ్గట్టే 220 సీసీ. అదే సంస్థ తయారుచేసే ఎన్‌ఎస్ 200 ఇంజను 199.5 సీసీ మాత్రమే. అయినా బలం చిన్నదానిదే ఎక్కువ. బీఎస్-6 రూపంలో 220 బండి 8,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 20.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇస్తే, ఎన్‌ఎస్ 200 బండి 9,750 ఆర్‌పీఎం దగ్గర 24.5 పీఎస్ ఇస్తుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో కాసేపు నిలబడితే రెండు బళ్లూ కనిపిస్తాయి. సీసీని బట్టే బలం అనుకునేవారికి ఈ జంట మంచి పాఠం.

ఇందులో గమనించాల్సిన అంకె మరొకటి ఉంది. 220 బండి గరిష్ఠ టార్క్ (ఇరుసును తిప్పే పట్టు) 18.55 ఎన్‌ఎం, ఎన్‌ఎస్ 200ది 18.74 ఎన్‌ఎం. తేడా లేనట్లే. తేడా అంతా ఆ టార్క్ ఎంత వేగం దాకా నిలబడుతుందన్న దగ్గర వచ్చింది. 220లో గరిష్ఠ టార్క్ 7,000 దగ్గర వచ్చి, 8,500కు చేరేసరికి దాదాపు 16.9కి పడిపోతుంది. ఎన్‌ఎస్‌లో అది 8,000 దగ్గర వచ్చి, 9,750 దగ్గర కూడా 17.6 ఉంటుంది. పవర్ అంటే టార్క్‌ను వేగంతో హెచ్చవేసిన లెక్కే కాబట్టి, టార్క్ పడిపోకుండా ఇంజను ఎంత పైకి తిరగగలిగితే అంత పవర్. చల్లబరిచే పద్ధతి, స్పార్క్ ప్లగ్‌ల సంఖ్య వంటి తేడాలు కూడా ఈ రెండింటి మధ్య ఉన్నాయి. కాని పై వేగాల్లో టార్క్‌ను నిలబెట్టిన ప్రధాన కారణం హెడ్డులోనే, అంటే సిలిండర్ మీద మూతలా ఉండే భాగంలోనే ఉంది. గాలి, పొగ దారులను తెరిచి మూసే వాల్వులు పాతదానికి రెండు, కొత్తదానికి నాలుగు.

సిలిండర్ హెడ్డు దానంతట అది బలం పుట్టించదు. పిస్టన్ అడిగిన గాలిని అడిగిన వేళకు అందించడం వరకే దాని పని. ఏ వేగం దాకా అందించగలదో ఆ వేగమే ఇంజను బలానికి హద్దు. ఈ ఒక్క మాట పట్టుకుంటే, పోర్టులు (హెడ్డులోని గాలి దారులు) పెద్దవి చేయించాలా వద్దా, నాలుగు వాల్వుల బండికి అదనంగా డబ్బు పెట్టాలా, పొలంలో పంపుసెట్టుకు ఈ హంగులు దేనికి వంటి ప్రశ్నలన్నిటికీ సమాధానం దొరుకుతుంది.

గాలిని తూచి చూస్తే

పెట్రోలు పూర్తిగా కాలడానికి తన బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు. దానికి దాదాపు 11 కిలోల గాలి, అంటే 9,000 లీటర్లకు పైగా కావాలి. పెట్రోలు ఎంతైనా పంపవచ్చు, ఇంజెక్టరుకో కార్బ్యురేటర్ జెట్టుకో అది చిన్న పని. అంత గాలిని సిలిండర్‌లోకి ఎక్కించడమే కష్టం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ సందులో చూసినా కనిపించే హీరో స్ప్లెండర్‌ను తీసుకుందాం. బోరు (సిలిండర్ వ్యాసం) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 49.5, మొత్తం 97.2 సీసీ. 8,000 ఆర్‌పీఎం దగ్గర 8.02 పీఎస్. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 4,000 సార్లు. ప్రతిసారీ సిలిండర్ నిండా నిండితే నిమిషానికి 389 లీటర్లు కావాలి. నిజానికి నిండా నిండదు. 85 శాతం నిండిందనుకుంటే 330 లీటర్లు. ఆ గాలి బరువు 380 గ్రాములు. పూర్తి బలం వేళ మిశ్రమం కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి, 13 పాళ్ల గాలికి ఒక పాలు చొప్పున పెట్రోలు కలిపితే నిమిషానికి 29 గ్రాముల పెట్రోలు కాలుతుంది. దాని వేడిని కిలోవాట్లలోకి మారిస్తే 21.4 వస్తుంది. అందులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ బలంగా పనికొస్తుంది, మిగతాది సైలెన్సర్ వేడిగా, ఫిన్నుల వేడిగా పోతుంది. చివరికి మిగిలేది 5.9 కిలోవాట్లు. అదే ఎనిమిది పీఎస్. కంపెనీ చెప్పిన అంకెకు గాలి లెక్కతోనే చేరుకోవచ్చు.

ఈ గొలుసులో హెడ్డు మార్చగలిగేది ఆ 85 శాతాన్నే. సిలిండర్ పరిమాణంలో ఎంత వంతు తాజా గాలి నిజంగా చేరిందో చెప్పే ఈ అంకెను వాల్యుమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. దానికి పెద్ద శత్రువు సమయం. 8,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజను ఒక చుట్టు తిరగడానికి పట్టేది 7.5 మిల్లీసెకన్లు. పిస్టన్ కిందికి దిగుతూ గాలి లాగేది అందులో సగం, 3.75 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలోనే నిలకడగా ఉన్న గాలి కదలాలి, పోర్టు మలుపు తిరగాలి, వాల్వు అంచు దాటాలి, సిలిండర్‌లో సర్దుకోవాలి.

వాల్వు చుట్టూ ఉన్న సందు

హెడ్డులో అన్నిటికంటే ఇరుకైన చోటు వాల్వు, అది ఆనే సీటు కలిసే దగ్గర ఉంటుంది. వాల్వు పైకి లేచినప్పుడు దాని చుట్టూ వలయంలా ఒక సందు ఏర్పడుతుంది. ఆ సందు వైశాల్యం వాల్వు చుట్టుకొలతను లేచిన ఎత్తుతో హెచ్చవేస్తే వస్తుంది. వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు లేచేసరికి సందు వైశాల్యం వాల్వు ముఖం వైశాల్యానికి సమానమవుతుంది. ఆ తర్వాత ఇంకా లేపితే లాభం తగ్గిపోతుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీలో కాలువ షట్టరు కొంత ఎత్తే దాకా నీరు షట్టరును బట్టి వెళ్తుంది, పూర్తిగా ఎత్తాక కాలువ వెడల్పును బట్టి వెళ్తుంది. వాల్వు, పోర్టుల సంగతి కూడా అంతే. తక్కువ లిఫ్టు (వాల్వు లేచిన ఎత్తు) దగ్గర సీటు, వాల్వు అంచు గాలిని శాసిస్తాయి. ఎక్కువ లిఫ్టు దగ్గర ఆ పెత్తనం పోర్టుకు వెళ్తుంది.

నాలుగు వాల్వుల గొప్పతనం ఈ చుట్టుకొలతలోనే ఉంది. ఒక పెద్ద ఇన్‌టేక్ వాల్వు స్థానంలో అంతే మొత్తం వైశాల్యం ఉన్న రెండు చిన్న వాల్వులు పెడితే చుట్టుకొలత 1.41 రెట్లు అవుతుంది. అంటే అదే లిఫ్టు దగ్గర గాలికి 41 శాతం ఎక్కువ దారి. పైగా చిన్న వాల్వు తేలిక కాబట్టి పై వేగాల్లో స్ప్రింగు దాన్ని అదుపులో ఉంచగలదు. పల్సర్ జంటలో కనిపించిన తేడాకు మూలం ఈ చిన్న జ్యామితి.

మెకానిక్‌లలో కూడా చాలామంది పోర్టు రంధ్రం సైజు చూసినంత శ్రద్ధగా సీటు చూడరు. ఇది బాధ కలిగించే విషయం, ఎందుకంటే డబ్బు, శ్రమ రెండూ తప్పు చోట ఖర్చవుతున్నాయి. వాల్వు ప్రతి సారీ తక్కువ లిఫ్టు గుండా రెండుసార్లు వెళ్తుంది, తెరుచుకుంటూ ఒకసారి, మూసుకుంటూ ఒకసారి. గరిష్ఠ లిఫ్టును తాకేది ఒక్కసారే. అందువల్ల సీటు దగ్గర సరిచేసిన చిన్న లోపం కూడా మొత్తం గాలి మీద ప్రభావం చూపుతుంది. మంచి లేత్ షెడ్డులో సీటును ఒకే కోణంలో కోయరు. వాల్వు ఆనే చోట 45 డిగ్రీలు, దానికి పైన దహన గది వైపు 30, కింద పోర్టు వైపు 60 డిగ్రీలు కోస్తారు. గాలి ఒక్కసారిగా అంచు మీద విరగకుండా మూడు మెట్లలో మళ్లుతుంది. ఏళ్ల తరబడి పేస్టు రాసి రుద్దిన హెడ్డులో పరిస్థితి వేరు. సీటు వెడల్పైపోతుంది, వాల్వు లోపలికి కుంగుతుంది, దాని చుట్టూ గోడలా నిలిచిన లోహం గాలికి అడ్డుపడుతుంది. లీకు లేకుండా కూర్చుంది కాబట్టి పని బాగుందని అందరూ అనుకుంటారు, కాని పై వేగంలో బండి వెనకటిలా లాగదు.

ఇక పోర్టు మలుపు. కార్బ్యురేటర్ వైపు నుంచి వచ్చే గాలి వాల్వు వైపు వంగే చోట లోపలి వైపు మలుపు పొట్టిగా, నిటారుగా ఉంటుంది. వేగంగా వచ్చే గాలి అక్కడ గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది. అప్పుడు పోర్టు అంతా తెరిచి ఉన్నా గాలి నిజంగా ప్రవహించేది దాని పై భాగంలోనే. ఈ మలుపును కాస్త గుండ్రంగా చేయగలిగినవాడు రంధ్రం పెంచకుండానే గాలి పెంచుతాడు. అద్దంలా మెరిసేలా పాలిష్ చేయడం వల్ల ఇన్‌టేక్ వైపు చెప్పుకోదగ్గ లాభం ఉండదు. కార్బ్యురేటర్ బళ్లలో నున్నటి గోడ మీద పెట్రోలు తడి పొరలా పేరుకునే అవకాశం కూడా ఉంది.

ఫ్లో బెంచి చెప్పేది, చెప్పనిది

హెడ్డును ఇంజను నుంచి విప్పి, గాలి లాగే యంత్రం మీద పెట్టి, వాల్వును మిల్లీమీటరు మిల్లీమీటరుగా లేపుతూ ఎంత గాలి వెళ్తోందో కొలిచే పరికరం ఫ్లో బెంచి. ఈ కొలతను ఒక శాస్త్రంగా నిలబెట్టిన తొలితరం వారిలో బ్రిటన్‌కు చెందిన హ్యారీ వెస్లేక్ ముఖ్యుడు. ఈ రోజు ఎక్కువ మంది వాడే పీడన తేడా నీటి మట్టంలో 28 అంగుళాలు, అంటే వాతావరణ పీడనంలో సుమారు 7 శాతం. ఫలితాన్ని నిమిషానికి ఘనపుటడుగుల్లో, సీఎఫ్‌ఎం పేరుతో చెబుతారు. ఒక సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు.

ఈ రంగంలో ఒక అనుభవ సూత్రం ఉంది. 28 అంగుళాల దగ్గర ఒక సిలిండర్ ఇన్‌టేక్ ఎన్ని సీఎఫ్‌ఎంలు వదులుతుందో దాన్ని 0.257తో హెచ్చవేస్తే ఆ సిలిండర్ నుంచి రాగల హార్స్‌పవర్ వస్తుంది. నాలుగు సిలిండర్ల హెడ్డులో ఒక్కో పోర్టు 100 సీఎఫ్‌ఎం వదిలితే మొత్తం 103 హార్స్‌పవర్. ఈ సూత్రాన్ని తప్పుగా చదివేవారే ఎక్కువ. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు), కంప్రెషన్, సైలెన్సర్, ఇంధనం అన్నీ ఆ హెడ్డుకు సరిగ్గా కుదిరి, ఇంజను దానికి తగిన వేగం దాకా తిరిగితే దొరికే గరిష్ఠం అది. ఆ గాలిని వాడుకునే వేగానికి ఇంజను చేరకపోతే మిగిలిన సీఎఫ్‌ఎంలు కాగితం మీదే ఉండిపోతాయి. వేరే పీడనం దగ్గర కొలిచిన అంకెతో పోల్చినా మోసపోతాం. 10 అంగుళాల దగ్గర 60 వచ్చిన హెడ్డు 28 దగ్గర 100 చూపిస్తుంది, ఎందుకంటే గాలి పీడన తేడా వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది.

బెంచి మీద గాలి ఒకే తీరుగా పారుతుంది. ఇంజనులో అది ఆగి ఆగి వస్తుంది. ఈ తేడా వల్లనే పెద్ద పోర్టు కొన్నిసార్లు నష్టం చేస్తుంది. ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరగానే మూసుకోదు, పిస్టన్ మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టాక కూడా కొంతసేపు తెరిచే ఉంటుంది. పోర్టులో గాలి వేగంగా వస్తుంటే ఆ ఊపుతో ఇంకా లోపలికి దూసుకొస్తుంది, అదనంగా నింపుతుంది. పోర్టును వెడల్పు చేస్తే అదే గాలి నెమ్మదిగా నడుస్తుంది, ఊపు చాలదు, పిస్టన్ దాన్ని వెనక్కి తోసేస్తుంది. రోడ్డు మీద బండి ఎక్కువగా తిరిగే 3,000 నుంచి 5,000 ఆర్‌పీఎం మధ్య లాగుడు తగ్గిందంటే కారణం తరచూ ఇదే. బెంచి అంకె పెరిగింది, బండి మొద్దుబారింది.

గాలి ఎక్కించడమే కాదు, దాన్ని త్వరగా తగలబెట్టడం కూడా హెడ్డు బాధ్యతే. కీత్ డక్‌వర్త్ 1967లో కాస్‌వర్త్ డీఎఫ్‌వీ రేసింగ్ ఇంజనును రూపొందించినప్పుడు నాలుగు వాల్వుల మధ్య కోణాన్ని 32 డిగ్రీలకు కుదించాడు. అప్పటి రేసు ఇంజన్లలో వాడే అర్ధగోళాకార గదులకు అంతకంటే చాలా వెడల్పు కోణాలు ఉండేవి. కోణం తగ్గడంతో పోర్టు నిటారుగా వచ్చింది, గది లోతు తగ్గింది, మంట దాటాల్సిన దూరం తగ్గింది. మూడు లీటర్ల ఆ ఇంజను 9,000 ఆర్‌పీఎం దగ్గర 400 హార్స్‌పవర్ దాటి, ఆ ఏడాది జూన్‌లో జాండ్‌వోర్ట్‌లో జరిగిన డచ్ గ్రాండ్ ప్రీలో దిగిన తొలి పోటీనే గెలిచింది. గాలిని, మంటను కలిపి ఆలోచించిన హెడ్డుకు దక్కిన ఫలితం అది.

టూ స్ట్రోక్ రోజుల నుంచి వచ్చిన ఒక పొరపాటును కూడా ఇక్కడే సరిచేయాలి. యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బళ్లలో గాలి దారులు హెడ్డులో కాదు, సిలిండర్ గోడలో ఉంటాయి. ఆ రంధ్రం అంచును ఒక మిల్లీమీటరు పైకి గీకితే అది తెరుచుకునే వేళే మారిపోతుంది, అందుకే అక్కడ చిన్న గీకుడుకు పెద్ద మార్పు కనిపించేది. ఫోర్ స్ట్రోక్‌లో ఆ వేళను నిర్ణయించేది క్యామ్‌షాఫ్ట్. పోర్టును ఎంత గీకినా వేళ మారదు.

పంపుసెట్టు, ట్రాక్టరు, పడవ

మన ప్రాంతంలో బైకుల కంటే జీవనాధారంగా నిలిచే ఇంజన్లు వేరే ఉన్నాయి. నాగావళి, వంశధార ఒడ్డున నీరు తోడే డీజిల్ ఇంజన్లు, వరి పొలాల్లో ట్రాక్టర్లు, భావనపాడు, బారువ తీరంలో పడవల ఇంజన్లు. వీటికి హెడ్డు లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఇంజినీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో విద్యార్థులు తరచూ చూసే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజను కిర్లోస్కర్ టీవీ1. బోరు 87.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110, మొత్తం 661 సీసీ, 1,500 ఆర్‌పీఎం దగ్గర 5.2 కిలోవాట్లు. ఇలాంటి ఇంజనుకు పక్కనే ఒక గాలి పెట్టె, దానికి చిన్న రంధ్రం, పీడన తేడా చూపే యూ ఆకారపు గాజు గొట్టంలో నీరు ఉంటాయి. రంధ్రం 20 మిల్లీమీటర్లు, దాని గుణకం 0.62 అనుకుందాం. గొట్టంలో నీటి మట్టాల తేడా 76 మిల్లీమీటర్లు ఉంటే ఇంజను సెకనుకు 7 లీటర్ల గాలి పీలుస్తోందని లెక్క తేలుతుంది. నిమిషానికి 420 లీటర్లు. సిలిండర్ నిండా నిండితే 496 లీటర్లు కావాలి కాబట్టి నింపిన శాతం సుమారు 85.

ఇక్కడ పిస్టన్ సగటు వేగం సెకనుకు 5.5 మీటర్లు. స్ప్లెండర్‌లో అది 13కు పైగా, ఎన్‌ఎస్ 200లో దాదాపు 16. వాల్వు దగ్గర గాలి వేగానికీ ధ్వని వేగానికీ మధ్య నిష్పత్తిని చూపే ఒక సూచిక ఉంది. ఎంఐటీలో ఇంజన్ల మీద పరిశోధన చేసిన సి.ఎఫ్. టేలర్ ఆ సూచిక 0.6 దాటాక నింపుడు వేగంగా పడిపోతుందని చూపించాడు. వాల్వు వైశాల్యం పిస్టన్ వైశాల్యంలో నాలుగో వంతు అనుకుంటే పంపుసెట్టు ఇంజనులో అది 0.2 కూడా చేరదు. వేగాన్ని అదుపుచేసే గవర్నరు ఇంజనును 1,500 దాటనివ్వదు. అలాంటి చోట పోర్టు పెంచడం దండగ.

దండగే కాదు, హాని కూడా. డీజిల్ హెడ్డుల్లో చాలావాటికి ఇన్‌టేక్ పోర్టును కావాలనే ఒక పక్కకు వంచుతారు, గాలి సిలిండర్‌లో గుండ్రంగా సుడి తిరగాలని. పిచికారీ అయిన డీజిల్‌తో గాలి కలిసేది ఆ సుడిలోనే. దాని కోసం తయారీదారు కొంత ప్రవాహాన్ని తెలిసే వదులుకుంటాడు. ఆ వంపును అడ్డంకి అనుకుని గీకేస్తే గాలి ఎక్కువే వెళ్తుంది, సుడి చచ్చిపోతుంది, నల్లటి పొగ మిగులుతుంది.

ట్రాక్టరుకు బలం తగ్గినప్పుడు ముందు చూడాల్సింది హెడ్డు కంటే ముందున్న దారి. నూర్పిళ్ల వేళ ఊక, దుమ్ము పీల్చిన ఎయిర్ ఫిల్టరు ఎంతగా అడ్డుపడుతుందంటే, నీటి మట్టంలో 25 అంగుళాల పీడన నష్టం చేరితే ఫిల్టరు మార్చాలని డీజిల్ ఇంజన్ల తయారీదారులు చాలామంది చెబుతారు. ఫ్లో బెంచి మీద హెడ్డును పరీక్షించే 28 అంగుళాలకు ఇది దాదాపు సమానం. అంటే మూసుకుపోయిన ఫిల్టరు వాతావరణ పీడనంలో ఆరు శాతాన్ని హెడ్డు దాకా రాకుండానే మింగేస్తుంది.

వాతావరణం తన వాటా తాను తీసుకుంటుంది. 20 డిగ్రీల చలికాలపు తెల్లవారుజామున పీల్చిన గాలితో పోలిస్తే విజయనగరంలో 40 డిగ్రీల మధ్యాహ్నం అదే పరిమాణం గాలి 6 శాతం తేలిక. తీరంలో ఉక్కపోత రోజుల్లో గాలిలోని నీటి ఆవిరి మరో 3, 4 శాతం చోటు ఆక్రమిస్తుంది. సాలూరు మీదుగా కోరాపుట్ ఘాట్ ఎక్కే టర్బో (గాలిని నొక్కి పంపే పరికరం) లేని డీజిల్ బండి 900 మీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి పీడనం 10 శాతం తగ్గుతుంది. ఇవేవీ హెడ్డు లోపాలు కావు, కాని డ్రైవరు వాటిని ఇంజను అలసటగా పొరబడి షెడ్డుకు తీసుకొస్తుంటాడు. టర్బో ఉన్న లారీలో ఈ నష్టం చాలావరకు పూడుతుంది. టర్బో గాలి సాంద్రతను పెంచుతుంది, కాబట్టి అదే సందు గుండా అదే వేగంతో ఎక్కువ బరువు గాలి వెళ్తుంది. అయినా మంచి హెడ్డుకు విలువ పోదు. దారి సాఫీగా ఉంటే అదే బలానికి తక్కువ పీడనం చాలు, పీడనం తగ్గితే గాలి తక్కువ వేడెక్కుతుంది.

ఎగ్జాస్ట్ గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళ సిలిండర్‌లో పీడనం బయటి కంటే కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి పొగ తనంతట తానే తోసుకొస్తుంది. అందుకే ఆ వాల్వు చిన్నదిగా ఉంటుంది, ఇన్‌టేక్ ప్రవాహంలో 75, 80 శాతం వదిలితే సరిపోతుంది. బుల్లెట్‌కు సైలెన్సర్ ఊడబెరికి చప్పుడు పెంచినంత మాత్రాన బలం రాదు. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎటూ ఒప్పుకోదు.

హెడ్డు పని చేయించాలనుకునేవారు షెడ్డులో అడగాల్సిన ప్రశ్నలు మూడు నాలుగే. ఫిల్టరు, టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ), కంప్రెషన్ ముందే సరిచూశారా? సీటు వెడల్పు ఎంత, వాల్వు ఎంత లోపలికి కుంగింది? ఏ ఆర్‌పీఎం దగ్గర లాగుడు కావాలని పని చేస్తున్నారు? ఫ్లో బెంచి అందుబాటులో లేని చోట పని ముందు, తర్వాత ఒకే వేగం దగ్గర గాలి పెట్టె మీద కొలిచినా ఫలితం తెలుస్తుంది, కాకపోతే గొట్టంలో చూసిన తేడాను నేరుగా పోల్చకూడదు. 76 మిల్లీమీటర్లు 84 అయితే గాలి పెరిగింది పది శాతం కాదు, ఐదు శాతమే.